పందికొక్కు పుర్రెలు: డెల్టా నుంచి అనంతపురం దాకా నా ప్రాజెక్టు డైరీ

నవంబరు 16, కృష్ణా డెల్టాలో అవనిగడ్డ దగ్గర

మొదటి 8 తలలు చేతికొచ్చాయి. తెల్లారకముందే, పొలాల్లో ఎలుకలు పట్టే బాబాయ్ వాళ్లతో గట్ల మీదకి వెళ్లాను. నిన్న సాయంత్రం పెట్టిన ఎలుక బుట్టల్ని ఒక్కొక్కటే ఎత్తి చూసుకుంటూ పోతున్నారు. వరి పాలు పోసుకుని గింజ గట్టిపడుతున్న రోజులివి. పడిన ఎలుకకి ఇంత అని రైతులు వీళ్లకి లెక్కగట్టి ఇస్తారు. నా ప్రాజెక్టు కోసం ఒక్క ఎలుకని కూడా ప్రత్యేకంగా చంపించకూడదని మొదటిరోజే నిర్ణయించుకున్నాను. పంట కోసం ఎలాగూ పట్టినవాటిలోంచే తల అడిగి తీసుకుంటున్నాను.

"తలకాయలు ఏం చేసుకుంటావమ్మా?" అని అడిగారు బాబాయ్.

"ఇక్కడి కొక్కు తలకీ అనంతపురం కొక్కు తలకీ తేడా ఉందేమో కొలుస్తాను బాబాయ్."

ఆయన చేతిలో ఉన్నదాని మూతి నా వైపు తిప్పారు. "పళ్లు చూడు, రేగడి ఎలా అంటుకుందో. కాళ్లతోనే కాదు, పళ్లతో కూడా తవ్వుద్ది ఇది."

నారింజ రంగు ముందుపళ్ల మధ్య నల్లటి బంక ఇరుక్కుని ఉంది. నా ప్రశ్న అంతా అక్కడే ఉంది. తడి రేగడిలో తవ్వే పుర్రె, గరప నేలలో తవ్వే పుర్రె ఒకేలా ఉంటాయా? ఒకే జాతి జంతువు నేలని బట్టి, వానని బట్టి, దూరాన్ని బట్టి ఎంత మారుతుంది?

జాతి విషయానికొస్తే ఇది చిన్న పందికొక్కు, శాస్త్రీయ నామం బాండికోటా బెంగాలెన్సిస్. ఇంగ్లీషువాళ్ల బాండికూట్ అన్న మాట మన పందికొక్కు నుంచే పుట్టింది. ఆ మాటే ఓడలెక్కి ఆస్ట్రేలియా వెళ్లి, దీనికి ఏమాత్రం చుట్టరికం లేని సంచి జంతువులకి పేరైంది. 1837లో గ్రే అనే ఆయన ధార్వాడ్ ప్రాంతపు ఎలుకకి శాస్త్రీయ నామం పెడుతూ 'కోక్' అని రాశాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మన కొక్కే వినిపిస్తుంది. పేరుతో ఇంత దగ్గరి సంబంధం ఉన్న జంతువు గురించి మనవాళ్లం మనమే కొలిచి రాసుకోవాలని నా కోరిక.

నవంబరు 21, ల్యాబ్

శుభ్రం చేసే పని. ఇది నేర్చుకోవాలనుకునేవాళ్ల కోసం వివరంగా రాస్తున్నాను.

ముందు గ్లవ్స్. ఎలుకల మూత్రం నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, మన దగ్గర ఎలుక జ్వరం అంటారు. చేతికి చిన్న గీత ఉన్నా చాలు. కాబట్టి గ్లవ్స్ లేకుండా ఒక్క తల కూడా ముట్టుకోవద్దు.

చర్మం, పెద్ద కండలు తీసేశాక ఒక్కో తలనీ విడి సీసాలో నీళ్లు పోసి గోరువెచ్చగా ఉండేచోట పెట్టాను. కండ దానంతటదే కుళ్లి ఊడొస్తుంది. వాసన భయంకరంగా ఉంటుంది, దానికి మందు లేదు. ఉడకబెడితే ఒక గంటలో అయిపోతుంది కదా అనిపిస్తుంది. కానీ ఎక్కువ వేడికి లేత పుర్రెల అతుకులు విడిపోతాయి, ఎముక వంకర పోతుంది. ఆకారం కొలిచేవాళ్లకి ఆకారమే పోతే ఇంకేం మిగులుతుంది? బట్టల బ్లీచింగ్ కూడా వాడకూడదు, ఎముకని తినేస్తుంది. చివర్లో 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ చాలు.

నీళ్లు పారబోసేముందు టీ వడకట్టు పెట్టాలి. మూడో సీసా దగ్గర నేను మర్చిపోయాను. కుడివైపు చివరి దవడపన్ను సింకులోకి పోయింది. అర సెంటీమీటరు కూడా లేని ఆ పన్ను కోసం గొట్టం విప్పి వెతికాను, దొరకలేదు. కొలత కోసం పుర్రె మీద పెట్టాల్సిన గుర్తు చుక్కల్లో ఒకటి దీనికి శాశ్వతంగా ఖాళీ.

చీటీలు పెన్సిల్‌తోనే రాయాలి. మార్కర్ సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఊరు, తేదీ, ఆడా మగా, బరువు, పట్టిన గట్టు. 1911లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ దేశమంతా క్షీరదాల సర్వే మొదలుపెట్టింది. అప్పటి పుర్రెలు ఇవాళ్టికీ మ్యూజియాల్లో పనికొస్తున్నాయంటే కారణం వాటికి కట్టిన చీటీలే. ఏ ఊరిదో తెలియని పుర్రె ఈ పనిలో ఒట్టి ఎముక.

డిసెంబరు 9

ఒక గందరగోళం తేలింది. డెల్టా పుర్రెల్లో 4 మిగతావాటికంటే కొంచెం మొరటుగా ఉన్నాయి. వయసు వల్ల అనుకున్నాను. మా గైడ్ మేడం ఒకదాన్ని తీసుకుని వెలుతురులో పెట్టి, "దవడపళ్ల వరస కొలిచావా?" అన్నారు.

కొలిస్తే అర్థమైంది. అవి చిన్న పందికొక్కువి కావు, అసలు పెద్ద పందికొక్కు, బాండికోటా ఇండికా పిల్లలవి. ఎలుకల ముందుపళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. వీటి దవడపళ్లు మాత్రం ఒకసారి మొలిచాక అరగడమే తప్ప పెరగవు. అందుకే పుర్రె ఎంత చిన్నదైనా దవడపళ్ల వరస మాత్రం పెద్ద జాతిది పెద్దగానే ఉంటుంది. పిల్ల ఏనుగు పాదం లాంటి గుర్తు అది. ఆ నాలుగూ నా పట్టికలో ఉండిపోయి ఉంటే, డెల్టాలో పుర్రెల వైవిధ్యం ఎక్కువ అని నేను గొప్పగా రాసేదాన్ని.

జనవరి 12, అనంతపురం జిల్లా

ఇక్కడ అడుగడుగునా ప్లాన్ మారింది. వేరుశనగ చేలల్లో బుట్టలు పెడితే నాకు కావలసిన కొక్కు పడలేదు. జెర్బిల్ ఎలుకలు పడ్డాయి, మెత్తబొచ్చు ఎలుకలు పడ్డాయి. చిన్న పందికొక్కుకి తడి కావాలి. సాలుకి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ఈ నేలలో అది చెరువు కింద మాగాణిని అంటిపెట్టుకుని బతుకుతోంది. చుట్టూ మెట్ట, మధ్యలో ఒక పచ్చటి ముక్క. దాని గట్లలో కొక్కులు. ఒక చెరువు కొక్కుకి పక్క చెరువు కొక్కుతో సంబంధం ఎంత ఉంటుందో, లేక ప్రతి చెరువూ ఒక దీవేనా?

పడిన జెర్బిల్ పుర్రె ఒకటి చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాను. కిందివైపు, చెవుల దగ్గర రెండు బుడగల్లాంటి ఎముకలు ఉంటాయి. జెర్బిల్‌కి అవి ఉబ్బి పుర్రెలో పెద్ద భాగాన్నే ఆక్రమించాయి. ఎడారుల్లో, పొడి నేలల్లో ఉండే జెర్బిల్ లాంటి చాలా జంతువుల్లో ఈ చెవి గుబ్బలు పెద్దవి. బయలు ప్రదేశంలో గుడ్లగూబ రెక్కల చప్పుడు లాంటి మంద్రమైన శబ్దాల్ని పట్టుకోవడానికి అవి సాయపడతాయి. అనంతపురం కొక్కుకి కూడా డెల్టా కొక్కుకంటే ఇవి కాస్త పెద్దగా ఉంటాయా అన్న ఆశ అక్కడే పుట్టింది. ఆశ పుట్టిందని డైరీలో రాసిపెట్టుకోవడం అవసరం, ఎందుకో తర్వాత తెలిసింది.

ఇక్కడి నుంచి 23 తలలు.

ఫిబ్రవరి 8, ఫొటోలు

పుర్రె కిందివైపు ఫొటో తీసి, కంప్యూటర్లో దాని మీద 14 చుక్కలు పెడతాను. టీపీఎస్‌డిగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. ప్రతి పుర్రె మీదా అదే చోటు దొరకాలి, అదీ షరతు. ముందుపళ్ల వెనకాల అంగిలిలో ఉండే రెండు పొడుగాటి కన్నాల మొదలు, చివర. దవడపళ్ల వరస మొదలు, చివర. చెంప ఎముక వంపు. చెవి గుబ్బ అంచులు. వెన్నుపాము వెళ్లే పెద్ద రంధ్రం అంచు.

తర్వాతి మెట్టు పేరు ప్రోక్రస్టీస్. గ్రీకు కథల్లో అదొక దొంగ పేరు. ఇంటికొచ్చిన అతిథిని తన మంచానికి సరిపోయేలా సాగదీసేవాడు, పొడుగైతే నరికేవాడు. ఈ లెక్క మాత్రం నరకదు. చుక్కల గుంపులన్నిటినీ ఒకచోటికి జరుపుతుంది, ఒకే సైజుకి తెస్తుంది, ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడేలా తిప్పుతుంది. చోటు, సైజు, తిరిగిన కోణం తీసేశాక మిగిలేదే ఆకారం. సైజుని పారేయం, వేరే కాలమ్‌లో ఉంచుకుంటాం.

ఫిబ్రవరి 19

మొదటి పటం వచ్చింది, ఇందులో ఒక్కో పుర్రె ఒక్కో చుక్క. డెల్టా చుక్కలు ఎడమవైపు, అనంతపురం చుక్కలు కుడివైపు, మధ్యలో ఖాళీ. అనంతపురం పుర్రెలకి మూతి పొట్టి, వెనక భాగం వెడల్పు. రాత్రి పదకొండింటికి మేడంకి ఫొటో పంపించాను. ఇంటికి ఫోన్ చేసి అమ్మకి కూడా చెప్పాను.

మేడం దగ్గర్నుంచి పొద్దున ఒక్క వాక్యం జవాబు. "అవే పుర్రెలు మళ్లీ ఫొటో తియ్యి."

ఫిబ్రవరి 26

డెల్టా పుర్రెలు 10 తీసుకుని మళ్లీ ఫొటో తీశాను. చుక్కలు పెట్టాను. లెక్క వేశాను. ఆ పదిలో ఏడు వెళ్లి అనంతపురం గుంపులో కూర్చున్నాయి.

అవే పుర్రెలు. అదే ఎముక. డిసెంబరులో డెల్టావి, ఫిబ్రవరిలో అనంతపురంవి అయిపోయాయి.

రెండు రోజులు అన్నం సయించలేదు. తర్వాత ఒక్కో ఫొటో పక్కపక్కన పెట్టి చూశాను. డిసెంబరులో పుర్రెని బంకమట్టి ముద్ద మీద కుదురుగా నిలబెట్టాను. బంకమట్టి మరకలు పడుతున్నాయని ఫిబ్రవరికల్లా ఆవాలు పోసిన పళ్లెంలోకి మార్చాను. ఆవాల్లో ముందుభాగం కాస్త కిందికి దిగిపోతోంది, కంటికి తెలియదు. పుర్రె 10 డిగ్రీలు వంగితే ఫొటోలో పొడవు ఒకటిన్నర శాతం తగ్గుతుంది. దానికితోడు మూతి కెమెరాకి దూరం జరిగి ఇంకా చిన్నగా పడుతుంది. నేను వెతుకుతున్న తేడాలు కూడా ఆ ఒకటీ రెండు శాతం దగ్గరవే. పొట్టి మూతి అనంతపురానిది కాదు, ఆవాలది.

తప్పు ఆవాల్లో లేదు. ఒక ఊరి పుర్రెలన్నీ ఒక పద్ధతిలో, ఇంకో ఊరివన్నీ ఇంకో పద్ధతిలో తీయడంలో ఉంది. రెండు ఊళ్లవీ కలిపి, వరస కలగాపులగం చేసి తీసి ఉంటే ఈ పొరపాటు ఊరి తేడాలా వేషం వేసుకుని వచ్చేది కాదు.

మార్చి 7

మొత్తం 60 పుర్రెలూ మళ్లీ తీశాను. ఆవాలే ఉంచాను కానీ పద్ధతి మార్చాను. రెండు వైపుల దవడపళ్ల పైభాగాల మీద ఒక గాజు పలక ఆనించి, దాని మీద చిన్న నీటిమట్టం పెట్టి, బుడగ మధ్యకొచ్చేదాకా సర్దడం. మేస్త్రీలు గోడ కట్టేటప్పుడు చూసే బుడగే, కాకపోతే బొటనవేలంత. పలక తీసి, స్కేలుని అంగిలి ఎత్తులో పెట్టి, అప్పుడు ఫొటో. కోడ్ నంబర్లు మాత్రమే కనపడేలా చీటీలు కప్పేశాను. ప్రతి పుర్రెనీ తీసేసి, మళ్లీ పెట్టి, రెండోసారి కూడా తీశాను. ఒక్కో పుర్రెకి పావుగంట. నాలుగు రోజులు పట్టింది, మెడ పట్టేసింది. కానీ ఇప్పుడు ఒకే పుర్రె రెండు ఫొటోలు పటంలో పక్కపక్కనే పడుతున్నాయి. ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికంటే సంతోషం ఇచ్చిన పటం ఇదే.

మార్చి 18

ఇప్పుడు వయసు. పిల్ల ఎలుకకి తల వెనక భాగం పెద్దది, మూతి పొట్టి. పెరిగేకొద్దీ మూతి సాగుతుంది. మెదడు గది, చెవి గుబ్బలు ఆ వేగంతో పెరగవు. అంటే ఒక ఊరి బుట్టల్లో కుర్ర ఎలుకలు ఎక్కువ పడితే, ఆ ఊరి ఎలుకలకి పొట్టి మూతి, పెద్ద గుబ్బలు అని పటం చెప్పేస్తుంది.

అలా పడే అవకాశం ఎంత ఉందో ఆలోచిస్తే టెన్షన్ వచ్చింది. ఈ కొక్కులు వరి పొట్ట దశకొచ్చాక జోరుగా పిల్లలు పెడతాయి. కోతల తర్వాత పడితే కుర్రవి ఎక్కువ, ముందు పడితే ముదురువి ఎక్కువ. నేను డెల్టాకి నవంబరులో, అనంతపురానికి జనవరిలో వెళ్లాను. పైగా డెల్టాలో ఎక్కడ బ్రొమాడియోలోన్ అనే ఎలుకల మందు పెట్టారో అక్కడ ఎలుకల వయసుల కూర్పు ఇంకోలా ఉంటుంది. 960 గ్రాముల నూకలు, 20 గ్రాముల నూనె, 20 గ్రాముల మందు కలిపి ఊరంతా ఒకేరోజు పొట్లాలు పెడతారు. ఆ తర్వాత పక్క గట్ల నుంచి వచ్చి చేరేవి వేరే. వరి పంచాంగం తెలియకుండా ఈ పుర్రెల్ని అర్థం చేసుకోలేమని నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది. ఈసారి బాబాయ్‌ని అడగవలసిన మొదటి ప్రశ్న ఎన్ని పడ్డాయని కాదు, పొలం ఏ దశలో ఉందని.

దవడపళ్ల అరుగుదల చూసి వయసు తరగతులు కట్టాను. కొత్త పన్ను మీద గట్లు నిటారుగా ఉంటాయి, ముదిరేకొద్దీ చదునై లోపలి పసుపు భాగం పళ్లెంలా బయటపడుతుంది. మూడో పన్ను పూర్తిగా మొలిచి, అరుగుదల మధ్యస్థంగా ఉన్నవి మాత్రమే ఉంచుకున్నాను. డెల్టా 26, అనంతపురం 17. మిగిలినవి పారేయలేదు, పెరుగుదల గీత గీయడానికి అవే ఆధారం.

ఏప్రిల్ 3

తోటి స్కాలర్ ఒకరు "డిస్క్రిమినెంట్ అనాలిసిస్ పెట్టు, బ్రహ్మాండంగా విడిపోతాయి" అన్నారు. రెండు గుంపులు వీలైనంత విడిగా కనపడే దిక్కుని వెతికే లెక్క అది. పెట్టాను. విడిపోయాయి. అప్పుడు చీటీలు కలిపేసి, పుర్రెలకి ఊరి పేర్లు లాటరీ తీసినట్టు పంచి, మళ్లీ అదే లెక్క వేశాను. అబద్ధపు ఊళ్లు కూడా దాదాపు అంత బాగానే విడిపోయాయి.

కారణం ఇది. 14 చుక్కలంటే 28 అంకెలు. చోటుకి రెండు, సైజుకి ఒకటి, తిప్పడానికి ఒకటి పోతే 24 దిక్కులు మిగులుతాయి. 43 పుర్రెల్ని 24 దిక్కుల్లో వెతికితే, ఏదో ఒక మూల నుంచి చూసినప్పుడు ఏ రెండు గుంపులైనా విడిపోయినట్టే కనిపిస్తాయి. కాబట్టి ఆ పటాన్ని రిపోర్టులో పెట్టట్లేదు. ఒక్కో పుర్రెని పక్కన పెట్టి, మిగతావాటితో లెక్క కట్టి, పక్కన పెట్టినదాని ఊరు చెప్పగలదా అన్న పరీక్ష పెడుతున్నాను.

దాంతోపాటు నేను ముందే చేయాల్సిన పని ఇంకొకటి. డెల్టాలోనే కాలువకి ఈ పక్క ఊరు, ఆ పక్క ఊరు అని నా దగ్గర రెండు గుంపులున్నాయి. వాటి మధ్య ఎంత తేడా ఉందో కొలిచాను. డెల్టాకీ అనంతపురానికీ ఉన్న తేడా దానికంటే కొంచెమే ఎక్కువ. ఫిబ్రవరిలో చూసిన ఆ మైదానమంత ఖాళీ ఇప్పుడు సన్నటి గీత.

ఆ గీత మాత్రం పోవట్లేదు. వయసు సరిచేశాక, సైజు సరిచేశాక, కొత్త ఫొటోలతో కూడా ఒక చోట మిగిలింది. చెవి గుబ్బల అంచు దగ్గర.

నేను జనవరిలో ఆశపడ్డ చోటు సరిగ్గా అదే. అందుకే నమ్మబుద్ధి కావట్లేదు. గుబ్బ అంచు గుండ్రంగా ఉంటుంది, అతుకు లాంటి స్పష్టమైన గుర్తు లేదు. చుక్క అర మిల్లీమీటరు అటూ ఇటూ పెట్టే స్వేచ్ఛ నా చేతికి ఉంది. కోడ్ నంబర్లే ఉన్నా, 60 పుర్రెల్లో చాలావాటిని నేను ఇప్పుడు ముఖం చూసి గుర్తుపడతాను. జూనియర్ ఒకమ్మాయికి ఫొటోలన్నీ ఇచ్చాను. ప్రాజెక్టు ఏమిటో చెప్పలేదు. చుక్కలు ఎక్కడ పెట్టాలో మాత్రం నేర్పాను.

ఏప్రిల్ 11

పాత రైసు మిల్లు అటక మీద తెల్ల గుడ్లగూబ జంట ఉందని తెలిసి వెళ్లాను. ఊళ్లో చావుపిట్ట అంటారు, దగ్గరకి పోవద్దన్నారు. పగటిపూట, దాని వైపు టార్చ్ వేయకుండా, కింద పడి ఎండిన ఉండలు మాత్రం ఏరుకొచ్చాను. గుడ్లగూబ మింగిన జంతువు ఎముకలు, బొచ్చు అరగక ఇలా ఉండలుగా కక్కేస్తుంది. ఒకదాంట్లో చుంచు పుర్రె, ఇంగ్లీషులో ష్రూ అనేది, అసలు ఎలుక కాదు. చెంప ఎముక వంపు లేదు, చెవి గుబ్బ లేదు, అందుకే ఎలుకల పుర్రెల మధ్య కళ్లు మూసుకున్నా దొరికిపోతుంది. కొక్కు పుర్రెలకి మాత్రం వెనక భాగం పగిలిపోయి ఉంది. పైగా పక్షి ఎత్తుకెళ్లగలిగేవి చిన్నవే కాబట్టి అన్నీ కుర్రవే. గుబ్బల ప్రశ్నకి ఇవి పనికిరావు. కింది దవడలు మాత్రం చెక్కుచెదరలేదు, వాటికి వేరే పెట్టె మొదలుపెట్టాను.

ఏప్రిల్ 20

జూనియర్ చుక్కలు వచ్చాయి. గుబ్బ దగ్గర తేడా సగానికి తగ్గింది. పూర్తిగా పోలేదు. ఆ సగం నా చేతి ఆశ అని ఇప్పుడు తెలుసు.

మిగిలిన సగం ఎవరిది? వానదా, నేలదా, దూరానిదా? రెండు చోట్లతో ఇది తేలదు. ఏ రెండు చోట్లయినా ఏదో ఒక విషయంలో వేరుగానే ఉంటాయి. స్కాట్లాండ్‌కి ఉత్తరాన ఆర్క్నీ దీవుల్లో ఒక వోల్ ఉంది, ఎలుక లాంటి చిన్న జంతువు. 5,000 ఏళ్ల కిందట మనుషులు యూరప్ నుంచి పడవల్లో తెచ్చింది. అక్కడ అది పెద్దదైంది, ఆకారం మారింది. వేరే ఏ సంబంధమూ లేకుండా సముద్రం మధ్య ఉంది కాబట్టి లెక్క కాస్త తేలిక. నాకు అలాంటి సముద్రం లేదు, డెల్టాకీ అనంతపురానికీ మధ్య బోలెడంత నేల ఉంది.

ఆ నేలలోనే జవాబు వెతకాలి. నంద్యాల వైపు కేసీ కెనాల్ కింద వరి ఉంది, కొక్కులూ ఉన్నాయి. అక్కడ నేల డెల్టాలాగే నల్లది, వాన మాత్రం డెల్టా అంత లేదు, ఆ ప్రాంతం ఉండేది కూడా అనంతపురానికే దగ్గరగా. అక్కడి గుబ్బలు డెల్టావాటిలా ఉంటే నేల వైపు చూడాలి. అనంతపురంవాటిలా ఉంటే వాన వైపో, దూరం వైపో. ఈ రెండోదాన్ని విడగొట్టడానికి ఇంకో చోటు కావాలి, అది తర్వాత.

బాబాయ్‌కి ఫోన్ చేశాను. నంద్యాల వైపు ఆయన బావమరిది వాళ్లు బుట్టలు పెడతారట. "పొలం ఏ దశలో ఉంది బాబాయ్?" అని అడిగాను. "దాళ్వా కోతలు అయిపోతన్నయ్యంట, వారంలోపు వెళ్లు" అన్నారు. అంటే కుర్రవి ఎక్కువ పడతాయి. మధ్య వయసువి 25 కావాలంటే రెండింతలు తలలు అడగాలి. సీసాలు 60 కడిగి బోర్లించాను, చీటీలు కత్తిరించాను, పెన్సిళ్లు చెక్కి పెట్టాను. ఈసారి తెచ్చిన పుర్రెల్ని పాతవాటితో కలిపి, మూడు ఊళ్లవీ ఒకే వారంలో, కలగాపులగంగా ఫొటో తీస్తాను. బస్సు ఆదివారం రాత్రికి.